ఫారంలో లేని గడి

రేపు ఎన్నికల డ్యూటీ ఆర్డరు చేతికి రాగానే, కొత్తగా చేరిన మీలో కూడా సగం మందికి బీపీ పెరుగుతుందని, మిగతా సగం మందికి ఎప్పటినుంచో ఉన్న బీపీ డాక్టరు సర్టిఫికెట్ రూపంలో బయటపడుతుందని నాకు తెలుసు. నవ్వకండి, నేనూ రెండుసార్లు అలాంటి సర్టిఫికెట్ పెట్టినదాన్నే. నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటుగా, కాలువల ఫైళ్ల మధ్య ముప్పై ఏళ్లు గడిపిన మనిషిని. ఎన్నికలంటే నాకు మొదటినుంచీ చిరాకు. కానీ రిటైర్మెంటుకు నాలుగు నెలలుందనగా అసెంబ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు, ఎలాగూ ఇదే ఆఖరిది కదా అని సర్టిఫికెట్ పెట్టకుండా డ్యూటీలో చేరిపోయాను. పెట్టి ఉంటే మీకు చెప్పడానికి ఈ సంగతి ఉండేది కాదు, నా సర్వీసు పుస్తకంలో ఒక మెమో కూడా ఉండేది కాదు.

బాన్సువాడలో నన్ను అనుమతుల సెల్‌లో వేశారు. సభ పెట్టుకోవాలన్నా, బండి తిప్పుకోవాలన్నా, మైకు మోగించాలన్నా ముందు మా బల్ల దగ్గరికే రావాలి. నేను ఫారం తీసుకుని, సరిచూసి, ఆపరేటరుకు ఇస్తాను. అతను కంప్యూటర్లో ఎక్కిస్తాడు. రిటర్నింగ్ అధికారి, మేమందరం పెద్దసారు అనేవాళ్లం, సంతకం పెడతాడు. అంతటితో అయిపోదు. ఆ అనుమతి కాగితం నకలు పక్క గదిలో ఖర్చులు చూసే బృందానికి పోతుంది. బండికింత, మైకుకింత అని ముందే ఖరారైన రేటు ప్రకారం వాళ్లు దాన్ని అభ్యర్థి ఖర్చులో వేస్తారు. మా బల్ల మీద అనుమతి పుడితే పక్క గదిలో ఖర్చు పుడుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతాదంతా మీకు అర్థమవుతుంది.

ఆపరేటరు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చిలో కొనసాగింపు ఆర్డరు వచ్చేదాకా సరిగ్గా అన్నం తినని మనిషి. ప్రతి కాగితాన్నీ మూడుసార్లు చూసేవాడు. ఫ్యాను గాలికి ఫారం ఎగిరినా దాని మీద తన వేలిముద్రలు పడ్డాయేమోనని భయపడేవాడు. నేను అతన్ని బాగా ఆటపట్టించేదాన్ని. అతను పట్టించుకోకుండా, సాయంత్రం బస్టాండు దగ్గరి నుంచి మిర్చిబజ్జీలు తెచ్చి నా ముందు పెట్టేవాడు.

నామినేషన్లు అయిపోయిన వారానికి, ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్ చొక్కా, పత్తి చేనుకు పోయే ఆడవాళ్లందరూ వేసుకునేదే. కొంగుకు ఇంకా పత్తి పోగులు అంటుకుని ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ కార్డు, ఆటో కాగితాలు.

"మేడం, మైకుకు పర్మిషన్ గావాలె" అంది.

ఏ పార్టీ అని అడిగాను. పార్టీ లేదంది. ఇండిపెండెంటా అన్నాను. అదీ కాదంది. అయితే నువ్వెవరమ్మా అని కొంచెం విసుగ్గానే అడిగాను. ఆ రోజు నా ముందు యాభైకి పైగా ఫారాలున్నాయి మరి.

"నేను కూలీలను తోలుకపోతుంట మేడం. ఇరవై మందిమి ఉంటం. గిప్పుడు డోంగ్లి దిక్కు పత్తి ఏరవోతున్నం" అంది.

బీర్కూర్ పక్కన చిన్న ఊరు ఆమెది. భర్త ఆటో నడుపుతాడు. నాట్లప్పుడు చుట్టుపక్కల పొలాలకు, పత్తికాలంలో మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి దాకా గుంపును అందులోనే ఇరికించి తీసుకుపోతారు. రేపు ఏ చేను, ఎన్నింటికి బయల్దేరాలి అన్నది ముందురోజు సాయంత్రమే అందరికీ తెలియాలి. ఇంటింటికీ తిరిగి చెప్పే ఓపిక లేక, కూరగాయల బండ్లవాళ్లు వాడే ఛార్జింగ్ మైకు ఒకటి కొన్నది. తన గొంతు రికార్డు చేసి, ఆటోకు కట్టి ఊళ్లో ఒక చుట్టు తిప్పిస్తుంది. రెండేళ్లుగా అదే అలవాటు. ఎన్నికలొచ్చాక ఆ పిలుపు చివర ఆమె ఇంకో నాలుగు మాటలు కలపాలనుకుంది.

వాళ్ల ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం ఉంది. గోడలకు రంగులేశారు, బోర్డు పెట్టారు, తాళం వేశారు. మూడేళ్లుగా ఆ తాళం తీసింది లేదు. నర్సును ఇంకెక్కడికో డిప్యుటేషన్ మీద పంపారట. ఆ ఏడు ఎండాకాలంలో ఆమె చెల్లెలికి ఉన్నట్టుండి నొప్పులొచ్చాయి. ఉపకేంద్రం దాకా పోయి, తాళం చూసి, ఆటో తిప్పుకుని బాన్సువాడకు వస్తుంటే దారిలోనే కాన్పయింది. పిల్ల బతికింది, తల్లి కూడా బతికింది. కానీ ఆటోలో వెనక సీటు ఎన్నిసార్లు కడిగినా తన కళ్లకు ఆ మరక కనిపిస్తూనే ఉందని చెప్పింది. ఓటు అడగడానికి వచ్చేవాళ్లను ఆ తాళం గురించి అడగాలనుకుంది. గుంపులోని ఆడవాళ్లందరూ సరేనన్నారు. ఇంతలో ఊళ్లో ఎవరో, ఎన్నికల కోడ్ ఉంది, పర్మిషన్ లేకుండా మైకు పెడితే కేసవుతుందని భయపెట్టారు. అందుకని ఒక పూట కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, పద్ధతి ప్రకారం నా దగ్గరికి వచ్చింది.

ఫారం తీసి చూశాను. దరఖాస్తుదారు ఎవరు అన్నచోట రెండే గడులున్నాయి. ఒకటి అభ్యర్థి, రెండోది రాజకీయ పార్టీ. మూడోది లేదు. ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు ముందుకు పోనివ్వదని ఆపరేటరు చెప్పాడు. ఉన్నమాట చెప్పి ఆమెను పంపించేయాల్సింది, లేదంటే లేచి వెళ్లి పెద్దసారును అడగాల్సింది. నేను ఆ రెండూ చేయలేదు. సాయం చేద్దామనుకున్నాను.

"తాళం తీస్తనని ఎవరన్న అన్నరా?" అని అడిగాను.

పోటీలో ఉన్న ఒకాయన అన్నాడట, ప్రచారానికి వచ్చినప్పుడు. ఆయన మాట మీద నమ్మకమేమీ లేదంది. నమ్మకంతో మనకు పనిలేదు, ఆయన పేరు రాస్తే పని అయిపోతుందన్నాను.

"గాయన కోసం కాదు గద మేడం?" అంది.

"పేరుకే రాస్తున్నం, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆమెకు రాయడం సరిగా రాదంటే నేనే నింపాను. వంకరటింకర అక్షరాలతో ఆమె సంతకం చేసింది. దానికి అభ్యర్థి అంగీకార లేఖ జతచేయాలి. మన ఆఫీసుల్లో అన్ని రోగాలకూ పనికొచ్చే మందొకటి ఉంది కదా, అదే మార్జిన్‌లో రాశాను: "లేఖ తర్వాత జతపరచబడును." ముప్పై ఏళ్లలో ఆ ముక్క కొన్ని వందలసార్లు రాసి ఉంటాను. జతపరిచినవి ఎన్నో మాత్రం అడగకండి. కట్టలో ఆ ఫారం కూడా పోయింది, పెద్దసారు సంతకం అయింది. నేను మంచిపని చేశానన్న తృప్తితో ఆ సాయంత్రం రెండు బజ్జీలు ఎక్కువ తిన్నాను.

వారం తిరగకుండానే అది బద్దలైంది. ఖర్చుల లెక్కలు సరిచూసుకోవడానికి వచ్చిన ఆ అభ్యర్థి ఏజెంటు, తమ ఖాతాలో ఒక ఆటో, ఒక మైకు ఎక్కువ కనిపించేసరికి ఉలిక్కిపడ్డాడు. ఆ ఆటో తమది కాదని, తాము ఎవరికీ లేఖ ఇవ్వలేదని రాసిచ్చాడు. అతని తప్పేమీ లేదు, నిజమే రాశాడు. అయితే అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం బయటివాళ్లు ఖర్చు పెడితే అది నేరం. తనిఖీ బృందం ఆ సాయంత్రమే వెళ్లి, ఊళ్లో మైకుతో తిరుగుతున్న ఆటోను ఆపి స్టేషనుకు తెచ్చింది. ఆమె మీద కేసు రాయడానికి కాగితాలు సిద్ధం చేసింది.

మర్నాడు పొద్దున ఆమె మా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

"మేడం, ఆటో లేక ఇయ్యాల ఎవ్వలం పోలే. డోంగ్లి సేట్ ఫోన్ చేసిండు. రెండు దినాలల్ల రాకుంటే అవుతలి దిక్కుకెల్లి వేరే గుంపును పిలుసుకుంటడట. గట్లయితే ఈ పత్తి కాలమంత మాకు పని లేనట్టే" అంది. కిటికీ ఊచ పట్టుకుని, "నేను ఏం తప్పు జేసిన్నో గది జెరంత చెప్పుర్రి" అంది.

కాసేపు కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా సాయం అనే మాటను నేను కొంచెం అనుమానంతోనే చూస్తాను. పద్ధతి తెలియని మనిషికి పద్ధతి తెలిసినవాళ్లు అడ్డదారి చూపిస్తే, పట్టుబడేది తెలియని మనిషే.

ఆమె వెళ్లాక ఆపరేటరు తలుపు దగ్గరికి వేసి, నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. "అక్కా, గా ఫారం మీద చేతిరాత నీదని ఎవ్వలు చూస్తరు? ఆమె సంతకం ఉన్నది గద. నాలుగు నెలల సర్వీసున్నది నీకు. మెమో పడితే పెన్షన్ కాగితాలు ఆగుతయి. గమ్మున ఉండు."

అతను చెడ్డవాడు కాదు, నా మేలు కోరే చెప్పాడు. భయపడటంలో అతనికి చాలా అనుభవం ఉంది. నేను సరేనని తలూపాను కూడా. మధ్యాహ్నం దాకా గమ్మునే ఉన్నాను. తర్వాత అన్నం డబ్బా పక్కకు నెట్టి, చట్టం పుస్తకం తెప్పించుకుని చదివాను.

ఆ నిబంధన ఎందుకుందో నాకు తెలియక కాదు. మీరూ చూసే ఉంటారు, చౌరస్తాల్లో ఇంత ఎత్తు ఫ్లెక్సీలు, కింద చిన్న అక్షరాలతో శ్రేయోభిలాషులు అని ఉంటుంది. ఆ శ్రేయోభిలాషులు ఎవరో ఊరందరికీ తెలుసు, కాంట్రాక్టులు ఎవరికి కావాలో కూడా తెలుసు. అభ్యర్థి ఖర్చుకు హద్దు పెట్టి, అతని స్నేహితుల ఖర్చుకు హద్దు పెట్టకపోతే ఆ హద్దు ఉండీ లేనట్టే. అందుకే బయటివాళ్లను కట్టడి చేసే నిబంధన ఉండాలి. అది తీసేయాలని నేను ఎప్పుడూ అనను. పుస్తకంలో ఇంకో వింత కూడా ఉంది. ఖర్చు పది రూపాయలు దాటకపోతే, అభ్యర్థి దగ్గర పది రోజుల్లో అనుమతి తెచ్చుకుంటే చాలట. పది రూపాయలకు ఇప్పుడు మా బస్టాండులో ఒక టీ వస్తే గొప్ప.

కానీ ఆ నిబంధనను నాలుగుసార్లు చదివాక ఒక మాట దగ్గర నా వేలు ఆగింది. అభ్యర్థిని గెలిపించడం కోసం చేసిన ఖర్చు అని ఉంది. అభ్యర్థిని గెలిపించడం కోసం. మరి ఆమె ఎవరిని గెలిపించమంది? ఆమె చేసింది ఒక ప్రశ్న అడగడం. ఆ ప్రశ్నకు అభ్యర్థి పేరు తగిలించింది ఆమె కాదు, నేను. ఆ ఒక్క రాతతో ఆమె మాటను ఇంకొకరి ప్రచారంగా మార్చేసింది నా కలం. పుస్తకం మూసి పెద్దసారు దగ్గరికి వెళ్లి, ఈ విషయం మీద మాట్లాడాలన్నాను. రేపు ఖర్చుల పరిశీలకుడు వస్తున్నాడు, ఫైలు పట్టుకుని అక్కడికే రండి అన్నాడాయన.

పరిశీలకుడు మహారాష్ట్ర నుంచి వచ్చిన అధికారి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ పొడి దగ్గుతో ఉండేవాడు. హాల్లో ఆయన, పెద్దసారు, అభ్యర్థి ఏజెంటు, ఖర్చుల బృందం వాళ్లు కూర్చున్నారు. ఆమె ఒక మూల నిలబడింది. ఆ రోజు చొక్కా లేదు, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఫైలుతో నేను గోడ పక్కన నిలబడ్డాను. నా వెనక ఆపరేటరు, అతని చేతిలో ఆటోతోపాటు పట్టుకొచ్చిన మైకు.

ఏజెంటు సౌమ్యంగానే మాట్లాడాడు. ఆమె మీద తమకు పగ లేదని, తమ లెక్కలోంచి ఆ ఖర్చు తీసేస్తే చాలని అన్నాడు. అక్కడే ఉంది చిక్కంతా. ఖర్చు ఉంచితే ఆ అభ్యర్థి పెట్టినట్టు. తీసేస్తే ఆమె అనుమతి లేకుండా పెట్టినట్టు, అంటే నేరం చేసినట్టు. హాల్లో ఉన్న అందరూ ఈ రెండింట్లో ఏది అన్నదే మాట్లాడుతున్నారు. ఆమె తన కోసమే తాను మాట్లాడి ఉండొచ్చన్న మూడో సంగతి ఎవరి నోటా రాలేదు.

పరిశీలకుడు ఫారం తీసుకుని చూశాడు. ఆమెను ఏదో అడగమని పెద్దసారుకు హిందీలో చెప్తుండగానే, ఆయన యాస గుర్తుపట్టి ఆమె రెండడుగులు ముందుకు వచ్చి మరాఠీలో మాట్లాడటం మొదలుపెట్టింది. పన్నెండేళ్లుగా డోంగ్లి చేలల్లో, ఆ సేట్లతో కూలి గురించి వాదించి నేర్చుకున్న మరాఠీ. పరిశీలకుడు దగ్గడం ఆపి, కళ్లజోడు సర్దుకుని ఆమె వైపు తిరిగాడు. నేను కూడా సరిహద్దు దగ్గరి మద్నూర్ సెక్షన్‌లో మూడేళ్లు పనిచేశాను కాబట్టి నాకు ఆ భాష కొంత తెలుసు. తాళం సంగతి చెప్పింది, చెల్లెలి కాన్పు చెప్పింది, ఆటో లేక పని పోతున్న సంగతి చెప్పింది. ఆయన అంతా విని, ఫారం మీద వేలు పెట్టి, మరి ఈ అభ్యర్థి పేరు ఎవరు రాశారని అడిగాడు.

ఆమె నా వైపు చూడలేదు. చూడకూడదని గట్టిగా అనుకున్నట్టు నేలవైపు చూస్తూ అంది, "మీచ్ లిహిలం, సాహెబ్."

నేనే రాశాను అని. నా ఉద్యోగం కాపాడటానికి, కేసును తన నెత్తిన వేసుకుంటోంది. నేను ఆమెకు ఏమవుతాను? ఒక పూట బల్ల అవతల కూర్చున్న మనిషిని, అంతే. ఆ మనిషి కొలువు పోకూడదని ఆమె అనుకుంది. మరి నేనేమో నిన్న మధ్యాహ్నం దాకా గమ్మునుందామనుకున్నాను. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది, దానితో పాటు నా మీద నాకే పట్టరాని కోపం కూడా వచ్చింది. కోపమే ముందు బయటికి వచ్చింది.

"సార్, అది ఆమె రాత కాదు. నాది" అన్నాను. వెనక నుంచి ఆపరేటరు నా కొంగు పట్టి లాగాడు. విడిపించుకున్నాను. "ఆమె ఏ పార్టీ కాదని చెప్పింది. గడి ఖాళీగా ఉంటే పని కాదని పేరు రాయించింది నేను, రాసింది నేను. లేఖ లేకపోయినా తర్వాత జతపరచబడును అని రాసింది కూడా నేనే. ఆమె అడిగింది మైకుకు అనుమతి ఒక్కటే."

పెద్దసారు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. పరిశీలకుడు మాత్రం కోప్పడలేదు. రాసి ఇవ్వగలరా అని అడిగాడు. అక్కడే, ఆ బల్ల మీదే రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఆ కాగితంలో తర్వాత జతపరచాల్సింది ఏదీ లేదు.

తర్వాత ఆయన ఆ మైకులో ఏముందో వినాలన్నాడు. ఆపరేటరు బటన్ నొక్కాడు. హాలంతా ఆమె గొంతుతో నిండిపోయింది. ముందు పత్తి పిలుపు: "రేపు డోంగ్లికే పోవాలె. ఐదింటికల్ల తయారుండాలె. మూల మీది ఇంటి అవ్వా, ఇయ్యాల సద్ది మరిసినవ్, రేపు మరిస్తే నా దాంట్ల పెట్టను." ఖర్చుల బృందంలో ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. ఆ తర్వాత అసలు మాట వచ్చింది: "మన దవాఖానకు తాళం పడి మూడేండ్లాయె. ఓటు అడగ వచ్చేటోళ్లు ముందుగాల గా తాళం ఎప్పుడు తీస్తరో చెప్పుర్రి. చెప్పినంకనే మా గుంపు ఓటు సంగతి."

అంతే ఉంది. ఏ పేరూ లేదు, ఏ గుర్తూ లేదు, ఎవరినీ తిట్టిందీ లేదు. ఆమె దాన్ని ఒక్కో మాటా మరాఠీలో చెప్పింది. పరిశీలకుడు ఇంకోసారి వేయించుకుని విన్నాడు. చివరికి ఏజెంటును అడిగాడు, ఇందులో మీ అభ్యర్థి ఎక్కడున్నాడని. లేడన్నాడు ఏజెంటు. అలాంటప్పుడు ఇది ఆయన ఖర్చూ కాదు, ఆయన కోసం ఈమె పెట్టిన ఖర్చూ కాదని, అభ్యర్థి పేరు ఫారంలో తప్ప మాటలో ఎక్కడా లేదని ఆయన రాయించాడు. కేసు కాగితాలు ఆగిపోయాయి. ఆటో ఆ సాయంత్రమే వదిలారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె మాత్రం కదల్లేదు.

"మరి మైకు?" అంది.

హాల్లో లేవబోతున్నవాళ్లందరూ మళ్లీ కూర్చున్నారు. ఆటో వచ్చింది, కేసు పోయింది, ఇక ఇంటికి పోయి నిమ్మళంగా ఉండమ్మా అన్నాడు పెద్దసారు. ఆమె ఒప్పుకోలేదు. పత్తి పిలుపు ఒక్కటే వేసుకుని చివరి మాట తీసేయమని ఇంకొకరు సలహా ఇచ్చారు.

"పనికి పిలిస్తే కేసు లేదు, దవాఖాన సంగతి అడిగితే కేసా సార్? గట్లయితే నేను పర్మిషన్ కోసం ఎందుకు వచ్చిన?" అంది.

మైకు ఎవరు పెట్టినా వేళలు, అనుమతి అందరికీ ఒకటేనని, ఓటరు అడగకూడదని ఎక్కడా లేదని, కావాలంటే మళ్లీ దరఖాస్తు చేసుకోమని పరిశీలకుడు చెప్పాడు. ఫారం మార్చే అధికారం మాత్రం తనకు లేదన్నాడు.

మేం నా బల్ల దగ్గరికి వచ్చాం. కొత్త ఫారం తీశాను. మళ్లీ అవే రెండు గడులు. సొరుగులోంచి స్కేలు తీసి, ఆ రెండింటి పక్కన, వాటికి సరిగ్గా అంతే కొలతతో మూడో గడి గీశాను. దాని కింద ఓటరు అని రాశాను. కలం ఆమెకిచ్చి, ఈసారి నువ్వే టిక్ పెట్టుకోవాలన్నాను. ఆమె పెట్టింది. అందినట్టు ముద్ర వేసి, ఫారాన్ని నేనే పెద్దసారు దగ్గరికి తీసుకుపోయాను. కంప్యూటర్లో ఎక్కదు కాబట్టి చేత్తోనే ఉత్తర్వు రాశాం. ఆయన ఆ మూడో గడిని చాలాసేపు చూశాడు. ఏ అభ్యర్థినీ పేరుతో పొగడకుండా, తిట్టకుండా, నిర్ణీత వేళల్లో అన్న షరతులు రాసి సంతకం పెట్టాడు. కలం మూత పెడుతూ, దీనికి మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుందన్నాడు. చెప్పుకుంటానన్నాను.

ఆ రోజు నుంచి ప్రచారం ముగిసేదాకా ఆమె మైకు మోగింది. ఆ వారంలో ముగ్గురు అభ్యర్థుల బండ్లు ఆ ఉపకేంద్రం ముందు ఆగాయని, ముగ్గురూ ఆ తాళం మీద చెయ్యి వేసి ఫోటోలు దిగారని తర్వాత తెలిసింది. ఎన్నికలయ్యాక తాళం తీశారు. అయితే నర్సు వారానికి రెండు రోజులే వస్తుంది. మిగతా రోజులు మళ్లీ తాళమే.

నా మెమో కూడా వచ్చింది. నిర్ణీత ఫారాన్ని స్వయంగా మార్చినందుకు, లేఖ లేకుండా మొదటి దరఖాస్తు పంపినందుకు సంజాయిషీ ఇవ్వాలని. రెండో దానికి క్షమాపణ రాశాను, అది నిజంగా నా తప్పే. మొదటి దానికి మాత్రం ఇలా రాశాను: "ఫారంలో అభ్యర్థికి గడి ఉంది, పార్టీకి గడి ఉంది. ఈ ఎన్నికలు ఎవరి కోసం జరుగుతున్నాయో వాళ్లకు లేదు. అందుకని గీశాను." ఆ మూడు వాక్యాలు తీసేసి మామూలుగా రాయమని ఇద్దరు ముగ్గురు పెద్దలు ఫోన్ చేసి చెప్పారు. తీయలేదు. పెన్షన్ కాగితాలు కొన్ని నెలలు తిరిగాయి. వీడ్కోలు సభలో శాలువా కప్పినవాళ్లు ఎన్నికల మాట ఎత్తకుండా, కాలువల ఫైళ్ల గురించే మాట్లాడారు. చివరికి హెచ్చరికతో సరిపెట్టారు. ఆ హెచ్చరిక కాగితాన్ని ఇంట్లో కరెంటు బిల్లుల మధ్య పెట్టుకున్నాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన మీకు నేను చెప్పేది కొద్దిగానే ఉంది. నిబంధన ఎందుకుందో తెలుసుకోండి, దాన్ని వదులు చేయకండి. డబ్బున్నవాడి చేతిలో ఎన్నిక అమ్ముడుపోకుండా ఆపేది అదే. కానీ ఆ కంచెలో మామూలు మనిషి నోరు ఇరుక్కుంటే, జాలిపడి అబద్ధం రాసిపెట్టకండి, గమ్మునా ఉండకండి. కంచె కట్టిన ఆఫీసులో కూర్చున్నది మనమే కాబట్టి, విడిపించాల్సింది కూడా మనమే.

మొన్న సర్పంచు ఎన్నికలప్పుడు ఒక ఉదయం ఫోన్ మోగింది. ఆపరేటరు. అతను ఇంకా కాంట్రాక్టులోనే ఉన్నాడు, ఇంకా మార్చి వస్తే అన్నం తినడట. ఈసారి అనుమతుల బల్ల దగ్గర అతన్నే కూర్చోబెట్టారు.

"అక్కా, గామె మళ్ల వచ్చింది" అన్నాడు మెల్లగా.

ఎవరని అడగలేదు. ఈసారి ఏం అడుగుతోందన్నాను. నర్సు రోజూ ఎందుకు రాదో అడుగుతుందట. ఫారంలో మూడో గడి తనే గీసుకుని, టిక్ పెట్టుకుని మరీ వచ్చిందట. ఏం చేయాలో తోచక ఆమెను కూర్చోబెట్టి నాకు ఫోన్ చేశాడు. ఆఫీసులో సారు కూడా లేడన్నాడు. అతని గొంతులో భయం నాకు బాగా తెలిసిందే. ఈసారి అతన్ని ఆటపట్టించాలనిపించలేదు. నీ ఇష్టం, నీ ఉద్యోగం నీకు ముఖ్యం అని మాత్రం చెప్పాను.

అతను ఆ కాగితాన్ని అలవాటుగా మూడుసార్లు చూసుకుని ఉంటాడు.

"స్కేలు పెట్టే గీసింది అక్కా. మనం గీసినదానికంటే సక్కగున్నది" అన్నాడు చివరికి.

ఆ తర్వాత ఫోన్లో ముద్ర పడిన చప్పుడు వినిపించింది.